రాగి కాగులో తేలిన చెయ్యి

పోయిన వారం మనం జహీదాని నాగాయలంకలో బందరు బస్సెక్కించి వదిలేశాం. ఒళ్లో ఒక గుడ్డ, చెవిలో జకరయ్య చెప్పిన మాట, ఆ రెండే ఆమె వెంట తెచ్చుకున్నవి. ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వాళ్లు కూడా ఉంటారు కాబట్టి, బస్సు మోపిదేవి దాటేలోగా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

బందరులో కోనేరు సెంటరు దాటాక కలంకారీ గుడ్డల షాపు జహీదాది. వయసు యాభై ఎనిమిది. భర్త పోయి పన్నెండేళ్లయింది. షాపులో అమ్మే గుడ్డంతా పెడన రోడ్డులో, కాలవ గట్టు మీదున్న షెడ్డులో ఆమె తమ్ముడు సలాం అచ్చు వేసేదే. నెలన్నర కిందట, ఒక గురువారం మధ్యాహ్నం, గుడివాడ నుంచి రిటైరైన డ్రాయింగు మేష్టారు దక్షిణామూర్తి గారు ఒక చెక్కపెట్టెని ఆటోలో వేసుకుని ఆ షెడ్డుకి వచ్చారు. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి ఆయన పోగుచేసిన నలభై రెండు పాత చెక్క అచ్చులు అందులో ఉన్నాయి. ఒక్కో అచ్చునీ ఒక్కసారి గుడ్డ మీద వేయించి, ఆ గుడ్డలన్నీ కలిపి పుస్తకంలా కుట్టించుకోవాలని ఆయన ఆశ. పెట్టె తాళం తియ్యకుండానే అక్కడ ఉంచి, పొద్దున్నే వస్తానని వెళ్లారు. వచ్చేసరికి తాళం విరిగి ఉంది. పెట్టె ఖాళీ. పన్నెండో రోజున మేష్టారు గుండె ఆగి పోయారు.

ఆ శుక్రవారం పొద్దున అందరికంటే ముందు షెడ్డుకి వచ్చినవాడు జకరయ్య. గుడ్డలు కాలవలో జాడించడం, కాగులో ఉడకబెట్టడం అతని పని. పోలీసులు రాకముందే ఒక మూట చంకన పెట్టుకుని దివిసీమ బస్సెక్కేశాడు. ఇంకేం కావాలి, దొంగ దొరికాడనుకున్నారు జనం. ఆ మూటలో రెండు లుంగీలూ ఒక బైబిలూ తప్ప ఏమీ లేవని తేలినా ఎవరూ నమ్మలేదు. మేష్టారు పోయాక దొంగతనం కాస్తా చావు కబురుతో కలిసిపోయింది. జకరయ్యని మూడుసార్లు స్టేషన్‌కి పిలిచి పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టారు. సోమవారం దాకా చూస్తానని, ఆ తరవాత రిమాండుకి పంపుతానని ఎస్సై గారు తేల్చి చెప్పారు.

పోయిన వారం జహీదా జకరయ్య ఊరు నాగాయలంక వెళ్లింది అందుకే. జకరయ్య కూతురు వినీల గుమ్మంలోనే అంది: "మా నాన్న నెలన్నరగా చర్చికి వెళ్లట్లేదండీ. కానుకల పళ్లెం పట్టుకునేది ఆయనే, పాతికేళ్ల నుంచి. ఇప్పుడు ఆ పళ్లెం వేరేవాళ్లకిచ్చారు." జకరయ్య మాత్రం పెదవి విప్పలేదు. జహీదా లేచి వస్తుంటే వినీల ఆ మూట కట్టిన గుడ్డని తండ్రి తలగడ కింద నుంచి తెచ్చి చేతిలో పెట్టింది. చూడగానే జహీదా గుర్తుపట్టింది. అది మేష్టారి పెట్టె మీద దుమ్ము పడకుండా షెడ్డులో కప్పిన గుడ్డ. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసి, అచ్చుకి సిద్ధంగా ఉంచిన పసుపు చాయ తాను. అది చూడగానే జకరయ్య మొహం పాలిపోయింది.

"దాన్ని ఉతుక్కోండి అమ్మగారూ, చింపుకోండి. కాగులో మాత్రం వెయ్యకండి," అన్నాడు.

అదీ కథ. ఇప్పుడు శనివారం పొద్దున పదిగంటలు. జహీదా కాగు కింద మంట పెడుతోంది.

షాపుని పక్క గాజుల కొట్టు లక్ష్మీకాంతానికి అప్పగించి వచ్చింది. ఎక్కడికని అడగకుండా ఉండడం లక్ష్మీకాంతం వల్ల అయ్యే పని కాదు. "మళ్లీ డిటెక్టివ్ పనేనా వదినా?" అని ఆటపట్టించింది. మూడేళ్ల కిందట సందులో వరసగా పోయిన చీరలు ఎవరు తీశారో జహీదా కనిపెట్టిన దగ్గర్నుంచి ఆ పిలుపు మొదలైంది. అప్పుడు జహీదా చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ఎవరు ఏ గుడ్డ పట్టుకుని చూశారో, ఏ గుడ్డ దగ్గర ఆగారో ఆమెకి గుర్తుంటుంది, అంతే. మనుషుల పేర్లు మరిచిపోతుంది గానీ వాళ్లు కొన్న గుడ్డ మరిచిపోదు.

"గుడివాడ నుంచి దుర్గాంబ గారు ఫోన్ చేశారు. ఇవాళ వస్తారట. మేష్టారి ఖాళీ పెట్టె ఇంటికి తీసుకెళ్తానన్నారు. వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించు," అని చెప్పింది జహీదా.

"పాపం, మహాతల్లి. భర్త పోయిన బాధలో కూడా ఆ జకరయ్యని కొట్టొద్దని ఎస్సైకి చెప్పిందట కదా," అంది లక్ష్మీకాంతం. తరవాత షాపు మూలనున్న చెక్క అర వైపు చూసింది. "ఈ తప్పుల అరలో ఏమైనా నచ్చితే ఆవిడకి ఇచ్చెయ్యనా? ఎలాగూ నువ్వు అమ్మవు."

తప్పుల అర జహీదా షాపులో పాత ఆచారం. రంగు చెదిరినవి, అంచు వంకరపోయినవి, పూలకి కాడ అతకనివి, చిలకలు తలకిందులైనవి, అన్నీ అక్కడికే చేరతాయి. తప్పు పడ్డ గుడ్డకి ధర కట్టకూడదని ఆమె భర్త నియమం. ఇష్టపడి అడిగినవాళ్లకి ఊరికే ఇచ్చెయ్యాలి. ఆయన పోయినా ఆ నియమం పోలేదు. అందుకే బందరులో సగం ఇళ్లల్లో జహీదా షాపు తప్పులు మంచాల మీద పరుచుకుని ఉంటాయి.

షెడ్డులో ఎవరూ లేరు. మేష్టారు పోయాక ఆర్డర్లు ఆగిపోయి పనివాళ్లు పెడనలో వేరే చోట్లకి వెళ్లారు. పొడుగాటి అచ్చుబల్లల మీద దుమ్ము పేరుకుంది. సలాం బ్యాంకు పని మీద వెళ్లాడు, పదకొండున్నరకి వస్తాడు. అతను లేని వేళ చూసుకునే జహీదా వచ్చింది. ఎందుకలా చూసుకుందో తనకే సరిగ్గా తెలియదు. తెలుసని ఒప్పుకోవడం ఆమెకి ఇష్టం లేదని చెబితే ఇంకా నిజం.

కాగు అంటే నిలువెత్తు గుడ్డల్ని ఉడికించే రాగి పాత్ర. నీళ్లు కాగి ఆవిరి లేవగానే ఎర్రరంగునిచ్చే వేరుపొడి వేసింది. రంగు సమంగా పట్టడానికి జాజాకు గుప్పెడు వేసింది. నీళ్లు ఎర్రబారాయి. నలభై ఏళ్లుగా చేస్తున్న పని కాబట్టి కొలతలు చూడక్కర్లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

కలంకారీలో నలుపు దాగదు. ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టి తీసిన కసిం నీళ్లు కరక్కాయ గుడ్డని తాకిన క్షణమే నల్లగా పడుతుంది. ఎరుపు అలా కాదు. ఎర్ర పువ్వు వెయ్యాలంటే ముందు బంక కలిపిన పటిక నీళ్లతో అచ్చు వేస్తారు. ఆరాక చూస్తే గుడ్డ మీద ఏమీ కనబడదు. పువ్వు అక్కడే ఉంటుంది, కంటికి ఆనదు. కాగులో వేసి ఉడికించాక పటిక తాకిన చోటల్లా వేరు రంగు పట్టుకుని ఎర్రగా పైకి వస్తుంది. మిగతా గుడ్డ జాడించగానే తేటపడుతుంది. ఈ పని తెలియనివాళ్లకి అదో వింత. తెలిసినవాళ్లకి అదే జీవనం.

జకరయ్యకి తెలుసు. నలభై ఐదేళ్లు ఆ గుడ్డల్ని తడిమిన చేతులు అతనివి. పటిక ఆరిన చోట గుడ్డ కాస్త బిగుస్తుంది. వేలితో రాస్తే పోల్చుకోవచ్చు. ఆ శుక్రవారం పొద్దున పెట్టె పక్కన పడున్న గుడ్డని అతను తీసి ఉంటాడు, తడిమి ఉంటాడు, అదేమిటో పోల్చుకుని ఉంటాడు. పోలీసుల కంట పడకుండా మూట కట్టుకుని పోయింది ఆ గుడ్డ కోసమే. జహీదా బస్సులో ఇంతవరకూ ఆలోచించగలిగింది. ఆ తరవాతిది ఆలోచించడానికి మనసొప్పక కిటికీలోంచి చెరుకు లారీలు లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

గుడ్డని కాగులోకి వదిలింది. కర్రతో తిప్పింది. మొదట అంతటా ఒకటే ఎరుపు. పావుగంట, అరగంట. మంట తగ్గించి కర్రతో ఒక కొస పైకెత్తింది. నీళ్లు కారిపోతుంటే గుడ్డ మధ్యలో ఒక ఆకారం చిక్కబడింది. రెండు కొసలూ పట్టుకుని తొట్టిలో చన్నీళ్లలో జాడించింది. చుట్టూ ఎరుపు వదిలింది. మధ్యలోది వదల్లేదు.

కుడి చెయ్యి. అరచెయ్యి మొత్తం, బొటనవేలు, చూపుడువేలు, ఉంగరం వేలు, చిటికెనవేలు. నడిమి వేలు సగం దగ్గరే ఆగిపోయింది.

జహీదా అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది.

ఆ వేలు పోయినప్పుడు సలాంకి ఏడేళ్లు. అబ్బా అచ్చు చెక్కుతూ నమాజుకి లేచాడు. వీడు ఉలి పట్టుకున్నాడు. అమ్మీ అప్పటికే లేదు. పదమూడేళ్ల జహీదా తన ఓణీ చింపి ఆ చేతికి చుట్టి, వాణ్ణి ఎత్తుకుని చిలకలపూడి నుంచి పెద్దాసుపత్రి దాకా పరిగెత్తింది. దారి పొడుగునా వాడు ఏడవలేదు, "ఆపా, అబ్బాకి చెప్పకు" అని అక్కని బతిమాలాడు. ఆ చెయ్యికే తరవాత అన్నం కలిపిపెట్టింది, అచ్చు పట్టడం నేర్పింది. ఆ చెయ్యిని ఈ ఊళ్లో గుర్తుపట్టనివాళ్లు లేరు. ఎస్సై కూడా ఒక్క చూపుతో చెప్పేస్తాడు.

జకరయ్య ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడు తెలిసింది. ఉప్పెనలో అమ్మా నాన్నా కొట్టుకుపోయిన ఏడాది, ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి అబ్బా దివిసీమ నుంచి చెయ్యి పట్టుకుని తెచ్చాడు. సలాం వెనకాలే తిరిగాడు, ఒకే కంచంలో తిన్నాడు. ఆ ఉప్పు తిన్నందుకు నెలన్నరగా దొంగ అనిపించుకుంటున్నాడు. సోమవారం జైలుకి కూడా వెళ్తాడు. కాగులో వెయ్యకండి అన్నాడు గానీ తన మీద నింద పోగొట్టమని అడగలేదు. జహీదాకి కళ్లమ్మట నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

షెడ్డు మూల కసిం కుండ ఉంది. ఒక్క చెంబు నల్లనీళ్లు పోస్తే చాలు, చెయ్యీ వేళ్లూ అన్నీ ఒక నల్లమచ్చ కింద మాయమైపోతాయి. ఎవరికీ ఏమీ తెలియదు. జహీదా లేచింది. కుండ మూత తీసింది. చెంబు ముంచింది. ఇది మీ దగ్గర నేను దాచిపెట్టను, చెంబు నిండా తీసుకుని గుడ్డ దాకా వచ్చింది. మంచి మనిషికి చెడ్డ ఆలోచన రాదని ఎవరైనా అంటే, వాళ్లకి తోడబుట్టినవాళ్లు లేరని అర్థం.

చెంబు కింద పెట్టేసింది. గుడ్డని బల్ల మీద పరిచి, మడతలు సాపుచేసి, ఎదురుగా కూర్చుంది. బండి చప్పుడు వినబడేదాకా అలాగే ఉంది.

సలాం హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చాడు. "కాగు వెలిగించావేంటి ఆపా? ఆర్డరు ఏమైనా..." అన్నవాడు బల్ల మీదికి చూసి ఆగిపోయాడు. కుడిచెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్లింది. ఆ తరవాత పక్కనున్న చెంబు చూశాడు. అందులో ఏముందో వాసనే చెబుతుంది.

"పొయ్యలేదేం?" అన్నాడు.

"నీ కోసం ఉంచాను. పొయ్యాలనుంటే నువ్వే పొయ్యి. నేను అడ్డం రాను. జకరయ్యకి మాత్రం నువ్వే వెళ్లి చెప్పిరా, ఆ నలుపు నీ మీద పోశాను అని."

సలాం చెంబు వైపు ఒక అడుగు వేశాడు. అక్కడే నిలబడ్డాడు. యాభై రెండేళ్ల మనిషి, గడ్డం నెరిసినవాడు, గోడకి చేరగిలబడి నేల మీదికి జారిపోయాడు.

"అచ్చులు ఎక్కడున్నాయి?" అంది జహీదా.

"నా దగ్గర లేవు."

"సలాం."

"అబ్బా మీద ఒట్టు ఆపా. తాళం తీసింది నేనే. అచ్చులు మాత్రం నేను తియ్యలేదు."

"మరి పెట్టె ఎందుకు ముట్టుకున్నావు? పొద్దున మేష్టారే తీసేవారు కదా."

సలాం తల ఎత్తలేదు. "అబ్బా చెక్కిన నెమలి అందులో ఉంది," అన్నాడు.

ఆ నెమలి సంగతి ఆమెకి తెలియంది కాదు. సలాం పాతికేళ్ల వయసులో రంగు పని వద్దని కువైట్ వెళ్లిపోయాడు. మళ్లీ వస్తాడని అబ్బా అనుకోలేదు. ఆఖరి ఏడు అంతా కూర్చుని చెక్కిన నెమలి అచ్చుని, ఇంట్లో పట్టే చెయ్యి లేదని, ఇలాంటివాటికి విలువ తెలిసిన మేష్టారి చేతుల్లో పెట్టేశాడు. సలాం తిరిగొచ్చేసరికి అబ్బా లేడు, అచ్చూ లేదు.

"నేనెప్పుడూ దాన్ని చూళ్లేదు ఆపా. ఒక్కసారి కూడా. శుక్రవారం పొద్దున మేష్టారు, పనివాళ్లు, అందరూ ఉంటారు. వాళ్ల ముందు దాన్ని పట్టుకుంటే నేను ఏమైపోతానో నాకే తెలియదు. ఒంటరిగా ఒక్కసారి పట్టుకుని చూసి పెట్టేద్దామనుకున్నాను. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక అందరూ వెళ్లారు. జకరయ్య కాలవలో ఉన్నాడు. చేతికి పటిక ఉంది, కడుక్కునే ఓపిక కూడా లేకపోయింది. గుడ్డ లాగాను. ఉలితో తాళం ఎత్తాను, చిన్న తాళం, విరిగిపోయింది. కొత్తది వేసి మేష్టారికి చెప్పేద్దామనుకున్నాను."

"చెప్పలేదేం మరి?"

"పెట్టెలో ఇటుకలున్నాయి."

కాగు కింద కట్టె ఒకటి చిట్లింది. జహీదా విన్నది సరిగ్గానే విన్నానా అన్నట్టు చూసింది.

"ఇటుకలు ఆపా. ఒక్కోటీ గుడ్డలో చుట్టి, అచ్చుల్లాగే వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్క అచ్చు కూడా లేదు. గుడివాడ నుంచి ఆయన తెచ్చిందే ఇటుకల పెట్టె. ఆయనకి తెలియదు, తెలిస్తే అలా బతిమాలి మరీ జాగ్రత్తలు చెప్పి వెళ్లరు."

"ఆ మాటే చెప్పాల్సింది. పొద్దున్నే, ఆయన రాగానే."

"ఎవరు నమ్ముతారు?" సలాం మొదటిసారి కళ్లెత్తాడు. "ఆ చుట్టిన గుడ్డలు మనవి. మన షెడ్డులో వేసిన కలంకారీ. పెట్టె మన దగ్గరుంది, తాళం విరగ్గొట్టింది నేను, లోపల మన గుడ్డలో చుట్టిన ఇటుకలు. తీరిగ్గా అచ్చులు మార్చేసి ఇటుకలు పెట్టాం అనరా? నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఖాళీ పెట్టె అయితే బయటి దొంగ పని అనుకుంటారనిపించింది. జకరయ్య కూడా వెళ్లాక, చీకట్లో ఇటుకలన్నీ తీసుకెళ్లి కాలవలో వేశాను. నా మీదికి రాకూడదనుకున్నాను గానీ జకరయ్య మీదికి వెళ్తుందని నాకు తట్టలేదు."

"తట్టాక?"

దానికి జవాబు కూడా జహీదానే చెప్పింది.

"మొదటిసారి స్టేషన్‌కి పిలిచినప్పుడు వదిలేస్తారులే అనుకున్నావు. రెండోసారి మేష్టారు పోయారు, ఇప్పుడెలా చెప్పడం అనుకున్నావు. మూడోసారికి అలవాటైపోయింది. ఆ మనిషి నెలన్నరగా చర్చి మొహం చూడలేదురా. నిన్ను కాపాడ్డానికి ఈ గుడ్డని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. నాకు కూడా చెప్పలేదు. నువ్వు వాడికి ఒక్క ఫోన్ చేశావా?"

"రోజూ నంబరు తీస్తాను ఆపా," అన్నాడు సలాం. "నొక్కలేను." మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. వేలు తెగిన రోజు ఏడవనివాడు.

జహీదా లేచి వెళ్లి పక్కన కూర్చుంది. కోపం తగ్గలేదు. అయినా చెయ్యి వాడి వీపు మీదికే వెళ్లింది. కాసేపటికి ఆమెలోని షాపు మనిషి మేలుకుంది.

"ఆ గుడ్డలు ఏం చేశావు? ఇటుకలకి చుట్టినవి. అవి కూడా కాలవలో వేశావా?"

సలాం తల అడ్డంగా ఊపాడు. "ఇటుకలు వేశాను గానీ గుడ్డ వెయ్యడానికి చెయ్యి రాలేదు. అచ్చు వేసిన గుడ్డ ఆపా."

ఈ పని చేసేవాళ్లు అంతే. చేతి గుడ్డకి కూడా మాసిక వేసి ఉతికి ఆరేస్తారు. నేరం దాచుకునే కంగారులో ఇంకొకడైతే మొదట కాల్చేసేవి ఆ గుడ్డ ముక్కలే. సలాం వాటిని మడిచిపెట్టాడు.

రంగుల డబ్బాల వెనక నుంచి ఒక గోనెసంచి తీసుకొచ్చాడు. జహీదా అందులోంచి ముక్కలు తీసి ఒక్కోటీ బల్ల మీద పరిచింది. కత్తెరతో శుభ్రంగా కత్తిరించినవి, పెద్ద గుడ్డని చదరాలుగా కోసినవి. లేత పసుపు నేల, నల్లని తీగ, ఎర్రపూలు. వాళ్ల అచ్చులే, అందులో సందేహం లేదు. చీరె కాదు, దుప్పటి. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి అంచు కలిపి చూసింది. అంచు వెంబడి చిలకల వరస. మూడో ముక్క పెట్టింది. నాలుగోది పెట్టబోతూ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

ఆ మూలన చిలకలు తలకిందులుగా ఉన్నాయి. ఏడు చిలకలు, కాళ్లు పైకి.

పోయినేడు వైశాఖంలో ఈ దుప్పటికి అంచు వేసింది జహీదానే. పనివాడు రాకపోతే తనే అచ్చు పట్టింది. సగంలో ఉండగా ఫోన్ మోగింది. కూతురు నీలోఫర్‌కి పురుడొచ్చింది, ఆడపిల్ల. ఆ సంతోషంలో అచ్చు తిరగేసి పట్టుకుని ఏడుసార్లు కొట్టింది. ఎనిమిదోసారికి చూసుకుని నవ్వుకుంది. మనవరాలి గుర్తు అని తప్పుల అరలో మడిచిపెట్టింది. అలాంటి తప్పు అంతకుముందు చెయ్యలేదు, ఆ తరవాతా చెయ్యలేదు.

"ఏంటి ఆపా? ఎవరు కొన్నారో గుర్తొచ్చిందా?" అన్నాడు సలాం.

"ఎవరూ కొనలేదు," అంది జహీదా. "నేనే ఇచ్చాను."

ఎవరికిచ్చిందో కళ్లకి కట్టినట్టు కనబడింది. సన్నగా, పొడుగ్గా, నుదుట రూపాయంత బొట్టుతో ఒకావిడ ఆ అర ముందు నిలబడి, తలకిందుల చిలకల మీద వేలు రాస్తూ, "ఇవి అల్లరి చేస్తున్నాయి జహీదా, మా ఆయన మంచం మీద వేస్తాను, ఆయనకి సరిపోతుంది," అని నవ్వడం. దక్షిణామూర్తి గారి భార్య. జకరయ్యని కొట్టొద్దని ఎస్సైకి చెప్పిన దుర్గాంబ గారు. కొట్టొద్దని ఆవిడ ఎందుకు అంత గట్టిగా చెప్పిందో అప్పుడెవరూ ఆలోచించలేదు. జాలి అనుకున్నారు.

భర్త ప్రాణంగా చూసుకున్న అచ్చులు ఆవిడ ఎందుకు తీసింది? ఎవరికిచ్చింది? పెట్టె ఖాళీ అని తెలిసి మంచానపడ్డ మనిషి పక్కన పన్నెండు రోజులు ఎలా కూర్చుంది? జహీదాకి ఆ క్షణాన దుర్గాంబ మీద కోపం రాలేదు. నోరు విప్పలేక మిగిలిపోయిన మనిషి ఎలా ఉంటాడో ఎదురుగా నిలబడి కనబడుతూనే ఉన్నాడు.

ఫోన్ మోగింది. లక్ష్మీకాంతం.

"వదినా, దుర్గాంబ గారొచ్చి అరగంటయింది. కాఫీ ఇచ్చాను, తాగలేదు. పెట్టె సంగతి ఎత్తనే లేదు." గొంతు తగ్గించింది. "వచ్చీ రాగానే మీ తప్పుల అర అంతా తిరగేస్తున్నారు. పోయినేడు నువ్విచ్చిన చిలకల దుప్పటి లాంటిదే ఇంకొకటి కావాలట. సోమవారంలోగా కావాలట. ఉందా అసలు?"

జహీదా బల్ల వైపు చూసింది. ఒక పక్క ఎర్రటి చెయ్యి, ఇంకో పక్క ఏడు చిలకలు. ఒకటి తమ్ముడిది, ఒకటి తను ఇష్టంగా ఇచ్చింది. ఈ రెండూ ఎస్సై ముందు పరిస్తే తప్ప జకరయ్య చేతికి ఆ పళ్లెం తిరిగి రాదు.

"ఉందనీ లేదనీ చెప్పకు," అంది. "కూర్చోబెట్టు. నేను తీసుకొస్తున్నాను."

చిలకల ముక్కలు సంచిలో పెట్టింది. చెయ్యి పడ్డ గుడ్డ ఇంకా తడిగానే ఉంది. దాన్ని పిండి, జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, సలాం చేతుల్లో ఉంచింది.

"ఇది నువ్వు పట్టుకో. బండి తియ్యి."